వెండి లాకెట్‌లో ఎల్‌ఈడీ పెడితే బ్యాటరీ ఒక్కరోజులో ఎందుకు అయిపోతుంది?

చాలాసార్లు తప్పు బ్యాటరీది కాదు, వెండిది. సీఆర్2032 అనే నాణెం ఆకారపు 3 వోల్టుల బ్యాటరీ బిళ్ళకు పై ముఖమూ, అంచూ ప్లస్. మైనస్ అడుగున మాత్రమే. బిళ్ళ చుట్టూ ఉన్న వెండి గూడు అంచునీ, అడుగునీ కలిపి తాకితే అదే షార్ట్, ఎల్‌ఈడీని దాటి కరెంటు నేరుగా పారి బ్యాటరీ ఖాళీ అవుతుంది. గూడు లోపలంతా కాప్టన్ టేపు (వేడిని తట్టుకునే, కరెంటు పారనివ్వని పలుచని టేపు) అతికించండి. కాగితం పనికిరాదు, చెమటకు తడుస్తుంది.

రెండోది కరెంటు. ఎరుపు ఎల్‌ఈడీకి సుమారు 1.9 వోల్టులు చాలు. కరెంటును తగ్గించే 560 ఓమ్‌ల రెసిస్టర్‌తో 2 మిల్లీఆంపియర్లు పారుతుంది. 220 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటల) సామర్థ్యమున్న బిళ్ళ లెక్కప్రకారం వంద గంటలు దాటాలి, నిజానికి కాస్త తగ్గుతుంది. నీలం, తెలుపు ఎల్‌ఈడీలకు దాదాపు 3 వోల్టులు కావాలి. బిళ్ళ ఇచ్చేదే అంత, కాబట్టి త్వరగా మసకబారతాయి. మొదటి నగకు ఎరుపే మేలు.

పని వరుస తప్పితే మాత్రం నగే పోతుంది. గ్యాస్ మంటతో వేసే వెండి టంకాలు, ఆమ్లంలో శుభ్రం, మెరుగు అన్నీ ముందే ముగించాలి, ఎలక్ట్రానిక్స్ చివర. ఎలక్ట్రానిక్స్‌కు వాడే సీసం టంకం అంటిన వెండిని మళ్ళీ మంటలో పెడితే సీసం వెండిని తినేసి గుంతలు పడతాయి. బిళ్ళకు నేరుగా టంకం వేయొద్దు, వేడికి పేలొచ్చు, హోల్డర్ వాడండి. మూతకు స్క్రూ తప్పనిసరి, పిల్లలు బిళ్ళ మింగితే ప్రాణాపాయం.

కదిలే నగలకూ ఇదే వరుస. జర్మన్ స్వర్ణకారుడు ఫ్రీడ్రిష్ బెకర్ (1922–1997) తరహాలో ఉంగరంలో బాల్ బేరింగు పెట్టినా, మంట పని అయ్యాకే బిగించాలి. లేకపోతే గ్రీజు మాడి బేరింగు బిగుసుకుపోతుంది.