సినిమాలో ఆ అమ్మాయి మాత్రలు మానేసింది సరే, మీరెందుకు మానేశారు?

ప్రశ్న: నా వయసు 24. పదహారో ఏట రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. అప్పటినుంచి లెవెటిరాసిటమ్ 500 ఎంజీ రెండు పూటలా వాడుతున్నాను. మూడేళ్లుగా ఫిట్స్ లేవు. ఈమధ్య మూర్ఛ ఉన్న అమ్మాయి కథతో తీసిన సినిమా చూశాను. ఫిట్స్ వచ్చేముందు ఆమెకు వింత వాసనలు, వెలుగులు తెలుస్తాయి. నాకెప్పుడూ అలా లేదు. నాది అసలు మూర్ఛేనా? మాత్రలు మానేశాకే ఆమె హుషారుగా ఉన్నట్టు చూపించారు. నాకూ చిరాకు, దిగులు ఎక్కువై నెలరోజులుగా పొద్దుటి మాత్ర మానేశాను. నిద్ర లేచాక చేతులు ఉలిక్కిపడినట్టు ఎగురుతున్నాయి, బ్రష్ జారిపోతోంది. నీరసమేనా? వచ్చే ఏడాది పెళ్లి.
– ఓ పాఠకురాలు

జవాబు: సినిమా గురించి అంత రాసి, అసలు సంగతి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. నన్ను కంగారు పెట్టింది ఆ రెండు ముక్కలే.

పొద్దున లేవగానే చేతులు ఎగిరిపడటం, చేతిలో వస్తువు జారిపోవడం నీరసం అనుకుని వదిలేసేవి కావు. అవి మయోక్లోనిక్ జర్క్స్ (కండరాలు ఉన్నట్టుండి కుదుపుకు గురవడం) కావచ్చు. అంటే అవీ ఫిట్సే, కాకపోతే చిన్నవి. స్పృహ పోదు గనక ఎవరూ లెక్కచేయరు. టీనేజ్‌లో మొదలయ్యే జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అనే మూర్ఛ రకంలో ఇలా ఉంటుంది. మిమ్మల్ని, మీ ఈఈజీని (మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్షను) చూడకుండా ఆ పేరు ఖాయం చేయలేను. ఒకవేళ అదే అయితే మాత్రం, మూడేళ్లు ఫిట్స్ రానిది జబ్బు పోయి కాదు, మాత్ర పనిచేసి. ఈ రకంలో మందు ఆపితే చాలామందికి తిరగబెడుతుంది. నిద్ర చాలని మర్నాడు మరీనూ. కుదుపులు వరసగా వచ్చి పెద్ద ఫిట్స్‌గా మారిన సందర్భాలూ ఉంటాయి.

ఇక సినిమా సంగతి. వింత వాసనలు, ఇంతకుముందే జరిగినట్టు అనిపించడం నిజమే. మెదడులో ఒకచోట, ముఖ్యంగా చెవుల పక్కన ఉండే టెంపోరల్ లోబ్ అనే భాగంలో మొదలయ్యే ఫిట్స్‌లో అలా ఉంటుంది. మూర్ఛ ఒకటే జబ్బు కాదు, అందరికీ ఆ ముందస్తు సూచనలు రావు. మీకు రానంత మాత్రాన మూర్ఛ కాదనలేం.

మాత్రలు మానేయడం దగ్గరే నాకు కోపం. ఐదు నిమిషాలు దాటినా ఆగని ఫిట్స్‌తో ఎవరినైనా తీసుకొస్తే, ఇంట్లోవాళ్లను నేను అడిగేది ‘ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?’ అనే. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. బాగున్నానని మానేసినవాళ్లే ఎక్కువ. మీ చిరాకు, దిగులు కల్పన కావు, లెవెటిరాసిటమ్‌తో కొందరికి వస్తాయి. కానీ అది డాక్టర్‌కు చెప్పి మందు మార్పించుకోవాల్సిన విషయం, సొంతంగా కోత పెట్టేది కాదు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఈరోజే వెళ్లండి.

వేరేవాళ్ల చీటీ చూసి మందు మార్చుకోకండి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్ లాంటి వేరే ఫిట్స్ మందులు ఈ కుదుపుల్ని పెంచవచ్చు. లామోట్రిజిన్‌ను చాలా నెమ్మదిగా పెంచాలి, లేకపోతే ఒంటిమీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. వాల్‌ప్రోయేట్ ఈ రకానికి బాగా పనిచేస్తుంది గానీ, గర్భిణులు వాడితే సుమారు 100 మందిలో 10 మంది పిల్లలకు పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదల సమస్యలు ఉంటాయి. అందుకే పెళ్లి మాట డాక్టర్‌తో ముందే చెప్పాలి. ఫోలిక్ యాసిడ్ కూడా గర్భానికి ముందునుంచే మొదలుపెట్టాలి.

ఇవాళే మీ న్యూరాలజిస్ట్‌కు ఫోన్ చేయండి. పొద్దుటి మాత్ర మళ్లీ ఎలా మొదలుపెట్టాలో వారే చెప్పాలి, మానేసిన వాటికి బదులని రెండేసి మింగేయకండి. అప్పటిదాకా బండి నడపొద్దు, ఈతకు వెళ్లొద్దు, స్నానాల గది గడియ పెట్టుకోవద్దు, రాత్రి త్వరగా పడుకోండి. పెద్ద ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టమని, నోట్లో చెంచా గట్రా పెట్టొద్దని, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవమని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. పొద్దున ఆ కుదుపులు వచ్చినప్పుడు ఎవరిచేతైనా ఫోన్‌లో వీడియో తీయించి తీసుకెళ్లండి. ‘చేతులు వణుకుతున్నాయి’ అని మీరు చెప్పేదానికన్నా డాక్టర్‌కు అదే ఎక్కువ పనికొస్తుంది.