తిన్నాక చేసిన గ్లూకోజ్ టెస్ట్‌లో 156, పరగడుపున 88: దేన్ని నమ్మాలి?

మీరు అడిగింది ఇదీ: మీ ఆవిడకి ఐదో నెల. పీహెచ్‌సీకి టిఫిన్ తినే వెళ్ళారు, అయినా గ్లూకోజ్ నీళ్ళు తాగించి, రెండు గంటలాగి చూసి 156 ఉంది, షుగర్ అన్నారు. మర్నాడు ప్రైవేటు ల్యాబ్‌లో పరగడుపున చూపిస్తే 88, నార్మల్ అన్నారు. అసలు తిన్నాక చేసేది ఒక టెస్టేనా, ఎవరు పెట్టారు దాన్ని, ఏ నంబర్ పట్టుకోవాలి అని.

156నే పట్టుకోండి. నా రెండో కాన్పులో అచ్చం ఇలాగే ఉండేది, పరగడుపున ఎప్పుడు చూసినా తొంభై లోపే, తిన్నాక మాత్రం పైకి పోయేది. 88 తప్పుడు రిపోర్టు కాదు. రాత్రంతా ఏమీ తినకుండా ఉంటే ఒంట్లో షుగర్ ఎంతుందో అది చెప్తుంది, అంతే. కడుపుతో ఉన్నప్పుడు మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగా పనిచేయనివ్వవు, నెలలు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. తిన్నదాన్ని ఒళ్ళు సర్దుకోగలుగుతోందా లేదా అన్నది తిన్నాక చూస్తేనే తెలుస్తుంది. మన ఆడవాళ్ళలో పరగడుపు బాగానే ఉండి తిన్నాక పెరిగేవాళ్ళు చాలామంది. వాళ్ళందరికీ ఒక్క పరగడుపు పరీక్ష చేసి పంపిస్తే ఏమీ లేదనే అనుకుంటారు.

ఈ టెస్ట్ వెనకున్న పేరు చెన్నై డాక్టర్ వీరాస్వామి శేషయ్య గారిది. మద్రాస్ మెడికల్ కాలేజీలో షుగర్ విభాగాన్ని నిలబెట్టినాయన. గర్భిణుల షుగర్ మీదే దశాబ్దాలు పనిచేశారు, 2022లో పద్మశ్రీ ఇచ్చారు. మార్చి 10 ఆయన పుట్టినరోజు, మన దేశంలో గర్భిణుల షుగర్ అవగాహన దినం కూడా ఆ రోజే. రోగుల్ని చూస్తూనే పరిశోధన చేసే డాక్టర్లు ఎందుకు కావాలంటే నేను ఈయన్నే చూపిస్తాను. పుస్తకాల్లో ఉన్న పద్ధతి ఏమిటంటే, ఎనిమిది గంటలు ఏమీ తినకుండా రావాలి, రెండు మూడుసార్లు రక్తం ఇవ్వాలి. ఊళ్ళ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే గర్భిణికి, అందులోనూ వేవిళ్ళతో ఉన్న మనిషికి, అది అయ్యే పనేనా? రేపు పరగడుపున రామ్మా అంటే ఎంతమంది మళ్ళీ వస్తారు? కూలి పోతుంది, తోడు వచ్చేవాళ్ళు ఉండరు. అందుకే ఎప్పుడు తిన్నా సరే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి చూసి, 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే షుగర్ ఉన్నట్టే లెక్క అని ఆయనా, ఆయనతో పనిచేసినవాళ్ళూ పెట్టారు. డిప్సి పద్ధతి అంటారు దీన్ని. కేంద్ర ఆరోగ్య శాఖ 2018 మార్గదర్శకాల్లో ఉన్నది కూడా ఇదే. మొదటిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడే ఒకసారి, అప్పుడు లేకపోతే 24 నుంచి 28 వారాల మధ్య ఇంకోసారి చేయాలి.

టెస్ట్ సరిగ్గా చేశారా లేదా అన్నది మాత్రం చూసుకోండి. మా ఏఎన్‌ఎం అక్క గ్లూకోజ్ పొడిని 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి స్టీలు గ్లాసులో ఇచ్చింది, గుక్క గుక్క ఆగి అయినా పది నిమిషాల్లోపు తాగేయమంది, తాగడం మొదలెట్టిన టైము నా కార్డు వెనకాల పెన్సిల్‌తో రాసుకుంది. తియ్యదనానికి వికారం వచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరగంటలోపు వాంతి అయితే ఆ టెస్ట్ లెక్కలోకి రాదు, మర్నాడు మళ్ళీ చేస్తారు. అరగంట దాటాక అయితే పరవాలేదు. ఆ రెండు గంటలూ అక్కడే కూర్చోవాలి, మధ్యలో ఏమీ తినకూడదు. మీ ఆవిడకి ఇవన్నీ సరిగ్గా జరిగి ఉంటే 156ని అనుమానించడానికి కారణం లేదు.

ఈ పద్ధతిని ఒప్పుకోని డాక్టర్లు కూడా ఉన్నారు, ఆ మాట దాచడం నాకిష్టం లేదు. చెన్నైలోనే ఇంకో బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పరగడుపు లేకుండా చేస్తే షుగర్ ఉన్నవాళ్ళు చాలామంది తప్పిపోతున్నారని తేలింది. ప్రపంచంలో చాలా దేశాలు వాడే అంకెలు వేరే, పరగడుపున 92, గంటకి 180, రెండు గంటలకి 153, వీటిలో ఏ ఒక్కటి అందుకున్నా షుగర్ కిందే లెక్క. ఇవి హాపో అనే పెద్ద అధ్యయనం ఆధారంగా వచ్చాయి. షికాగో డాక్టర్ బోయిడ్ మెట్జ్‌గర్ నడిపించారు దాన్ని, తొమ్మిది దేశాల్లో పాతిక వేల మందికి పైగా గర్భిణుల్ని చూసి 2008లో ఫలితాలు వేశారు. ఆ తొమ్మిదింటిలో మన దేశం లేదు. వాళ్ళకి తెలిసిందేమిటంటే, తల్లి షుగర్ కొద్దికొద్దిగా పెరిగినా బిడ్డ బరువూ సిజేరియన్లూ కొద్దికొద్దిగా పెరుగుతూనే పోతాయి, ఇక్కడిదాకా భయం లేదు అని గీత గీయడానికి లేదు. మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, తిన్నాక చేసే టెస్ట్ మీద ఉన్న ఆ ఫిర్యాదు ఉన్నవాళ్ళని వదిలేస్తుందనే గానీ లేనివాళ్ళకి అంటగడుతుందని కాదు. ఆ 2014 అధ్యయనంలో కూడా షుగర్ లేనివాళ్ళకి ఉందని చెప్పడం చాలా తక్కువ. కాబట్టి 140 లోపు వచ్చి, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళూ, ముందు కాన్పులో నాలుగు కిలోల బిడ్డ పుట్టినవాళ్ళూ అయితే పరగడుపు టెస్ట్ కూడా అడగాలి. 156 వచ్చినవాళ్ళు మాత్రం పని మొదలుపెట్టాలి. మరీ మనసొప్పకపోతే ఈ రెండు మూడు రోజుల్లోనే పరగడుపున వెళ్ళి 75 గ్రాముల టెస్ట్ మొత్తం చేయించండి. ఒక్క పరగడుపు రీడింగ్ తీసుకుని ఇంటికి రాకండి.

పని అంటే ముందు తిండి. రెండు వారాలు ఆహారం మార్చి, తిన్న రెండు గంటలకి చూస్తారు. 120 లోపు ఉంటే అలాగే కొనసాగిస్తారు, దాటుతుంటే మందు మొదలుపెడతారు. ఇక్కడే ఇళ్ళల్లో గొడవ. మా అత్తయ్య ఇద్దరి కోసం తినాలమ్మా అని పళ్ళెంలో అన్నం కొండలా పెట్టేది, పుట్టింటి నుంచి చలిమిడి వచ్చింది, వద్దంటే శుభమా అని మొహాలు మాడ్చుకున్నారు. నేను ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. గ్లూకోమీటర్ కొనుక్కుని ఏం తిన్నానో, రెండు గంటలకి ఎంత వచ్చిందో పిల్లాడి పాత నోటుబుక్కులో రాసి ఫ్రిజ్ మీద పెట్టాను. నాలుగు ఇడ్లీలు తిన్న రోజు 150 దాటింది. ఒక పెసరట్టు, అల్లం చట్నీ తిన్న రోజు 112. అవి చూశాక అత్తయ్యే పొద్దున పెసలు నానబోయడం మొదలుపెట్టింది. అన్నం మానేయక్కర్లేదు, ఒక కప్పుకి తగ్గించి పప్పూ, కూరా, గుడ్డూ, మజ్జిగా పెంచండి. పొద్దున పూట షుగర్ ఎక్కువ పెరుగుతుంది కాబట్టి టిఫిన్‌ని రెండుగా చేసి సగం ఎనిమిదికి, సగం పదికి తినమన్నారు నన్ను, దాంతో చాలా తేడా కనిపించింది. అందరికీ నా అంకెలే రావు, మీ ఆవిడ ఒంటికి ఏది పడుతుందో ఆవిడ నోటుబుక్కే చెప్పాలి. కడుపు మాడ్చుకోవడం మాత్రం వద్దేవద్దు.

నాకు ఏడో నెలలో ఇన్సులిన్ పెట్టారు. మా అమ్మ ఏడ్చింది, ఒకసారి సూది మొదలైతే జీవితాంతం అని. అది నిజం కాదు. తల్లి రక్తంలో షుగర్ మాయ దాటి బిడ్డకి వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం వెళ్ళదు. వచ్చిపడిన షుగర్‌కి తగ్గట్టు బిడ్డ తన ఇన్సులిన్ తనే ఎక్కువగా తయారు చేసుకుని ఒళ్ళు చేస్తుంది, బొడ్డు కోశాక తల్లి నుంచి షుగర్ ఆగిపోయినా బిడ్డలో ఇన్సులిన్ ఇంకా ఉంటుంది కాబట్టి షుగర్ పడిపోతుంది. డెన్మార్క్ డాక్టర్ యోర్గెన్ పెడర్సన్ చాలా ఏళ్ళ కిందటే చెప్పిన సంగతి ఇది. అందుకే పుట్టగానే మడమ దగ్గర చిన్నగా గుచ్చి బిడ్డ షుగర్ చూస్తారు, వీలైనంత త్వరగా తల్లిపాలు పట్టిస్తారు, కంగారు పడకండి. నా ఇన్సులిన్ కాన్పు రోజుతోనే ఆగిపోయింది.

డాక్టర్ ఎవరైతే మంచిది అని కూడా అడిగారు. పెద్ద డిగ్రీల కంటే నేను చూసేది ఒకటే, మీ నోటుబుక్కు చేతిలోకి తీసుకుని అంకెలు చదువుతారా లేదా. హై రిస్క్ అని కార్డు మీద ఎర్ర స్టిక్కర్ వేస్తే భయపడకండి, ప్రతి నెలా 9వ తేదీన గవర్నమెంటు ఆసుపత్రిలో గర్భిణుల్ని డాక్టరమ్మ స్వయంగా చూస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. స్కాన్‌లో బిడ్డ పొట్ట చుట్టుకొలత ఎలా పెరుగుతోంది, నీరు ఎక్కువ ఉందా అని అడగండి. కాన్పు ఎక్కడ చేయించుకున్నా పిల్లల డాక్టర్ ఉన్న చోటే పెట్టుకోండి.

ఇంకొక్క మాట, నాకు బాగా కోపం తెప్పించింది ఇది. నాకు కాన్పయిన ఆసుపత్రిలో ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో కుట్లు, ఐరన్ మాత్రలు, అన్నీ రాశారు, షుగర్ అన్న మాటే లేదు. ఇలా షుగర్ వచ్చిన ఆడవాళ్ళకి తర్వాత టైప్ 2 షుగర్, అంటే మామూలుగా పెద్దవాళ్ళకి వచ్చే షుగర్ జబ్బు, వచ్చే ప్రమాదం మిగతావాళ్ళ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఆ సంగతి ఆ వారంలో నాకెవరూ చెప్పలేదు. పాపకి ఆరు వారాల టీకా వేయించడానికి తీసుకెళ్ళినప్పుడు ఏఎన్‌ఎం అక్కే పట్టుకుని, నీ టెస్ట్ ఏదమ్మా అంది. ఆరు వారాలకి మళ్ళీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చూపించుకోవాలి. రెండు గంటలకి 140 లోపు ఉంటే సరే, 200 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్ నిలిచిపోయినట్టు, మధ్యలో ఉంటే జాగ్రత్తగా ఉండాలి. సరే అన్నా సరే ఏడాదికోసారి చూసుకుంటూ ఉండాలి, మళ్ళీ బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే చూపించుకోవాలి. మీరు ఇప్పుడే బిడ్డ టీకా కార్డు మీద రాసే తేదీ పక్కన తల్లి షుగర్ టెస్ట్ అని రాయించుకునేలా గుర్తు పెట్టుకోండి, ఇద్దరి పనీ ఒకే రోజు ఒకే చోట అయిపోతుంది.

ముందు గ్లూకోమీటర్ కొనండి, స్ట్రిప్స్ ఎక్కడ చవకగా దొరుకుతాయో ఆశా వర్కర్‌ని అడగండి. రెండు వారాల తర్వాత టిఫిన్ తిన్నాక ఎంత వస్తోందో ఇక్కడ రాస్తే, మా ఇంట్లో ఏయే టిఫిన్లు పనికొచ్చాయో అన్నీ చెప్తాను.