బ్యాడ్మింటన్ బూట్లతో ప్యాడెల్ ఆడొచ్చా?

బరంపురంలో బ్యాడ్మింటన్ ఆడే బూట్లతోనే హైదరాబాద్ వెళ్లినప్పుడు ప్యాడెల్ కూడా ఆడొచ్చా అని అడిగారు. సరదాకి ఒకటి రెండుసార్లయితే సరే. వారం వారం ఆడాలంటే మాత్రం వద్దు.

ప్యాడెల్ అంటే చుట్టూ అద్దం గోడలున్న చిన్న కోర్టులో ఆడే టెన్నిస్ లాంటి ఆట. అసలు సంగతి నేలలో ఉంది. ప్యాడెల్ కోర్టు 20 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కింద మామూలుగా కృత్రిమ గడ్డి, అందులో సన్నటి ఇసుక. బ్యాడ్మింటన్ బూటు గమ్ సోల్, అంటే రబ్బరు అడుగు, చెక్క నేలనో మ్యాట్‌నో పట్టుకోవడానికి చేసింది. ప్యాడెల్ కోర్టులో దాంతో ఆడితే గచ్చు మీద పడ్డ ఇసుకలో చెప్పులతో పరిగెత్తినట్టే ఉంటుంది.

కొనేముందు బూటు తిరగేసి చూడండి. చేపముల్లు లాంటి గీతలు, మధ్యలో లోతైన సందులు ఉండాలి. షాపులో హెరింగ్‌బోన్ అని అడగండి. పట్టు ఉంటుంది, అవసరమైనప్పుడు పాదం తిరుగుతుంది కూడా. క్లే (మట్టి) కోర్టు టెన్నిస్ బూట్లకూ ఇదే సోల్, కాబట్టి ప్యాడెల్ అని రాసి ఉన్నవే వెతకక్కర్లేదు.

రన్నింగ్ షూస్ ఇంకా ప్రమాదం. మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, నేరుగా పరిగెత్తడానికే అవి. ఓసారి అవే వేసుకుని, వెనక అద్దానికి తగిలి వచ్చిన బంతి కోసం గిరుక్కున తిరిగాను, చీలమండ మడతపడింది. రెండు వారాలు మెట్లెక్కాలంటే ఏడుపే.

సైజు సాయంత్రం చూసుకోండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. ఆటకి వేసుకునే మందపాటి సాక్స్‌తోనే తొడిగి, షాపులోనే రెండు అడుగులు పక్కకి గెంతండి. మడమ లోపల కదిలితే ఆ జత వదిలేయండి.