వేలానికొచ్చిన ఇల్లు: రేటు కన్నా ముందు స్వాధీనం సంగతి తేల్చుకోండి

బ్యాంకు వేలంలో ఇల్లు మార్కెట్ రేటు కన్నా బాగా తక్కువకి వస్తోంది, కానీ లోపల ఇంకా ఎవరో ఉంటున్నారు, పాట పాడొచ్చా అని అడిగారు కదండీ. తొందరపడకండి. ఇల్లు నిజంగా బ్యాంకు స్వాధీనంలో ఉందా, కాగితం మీదేనా అన్నది ముందు వేలం నోటీసులో చూడండి. కాగితం మీదే అయితే వాళ్లని ఖాళీ చేయించే భారం మీ నెత్తిన పడొచ్చు. ఉంటున్నది పాత యజమానా, అద్దెవాళ్లా అన్నదీ ముఖ్యమే. అద్దెవాళ్లకి చట్టం వేరే రక్షణ ఇవ్వొచ్చు. రేటు తగ్గడానికి చాలాసార్లు ఇదే కారణం.

'ఉన్నది ఉన్నట్టుగా' అమ్ముతున్నామని రాసి ఉంటే, గోడలు చెమ్మెక్కినా, వైరింగ్ పీకేసి ఉన్నా తర్వాత బ్యాంకుని అడగడం కష్టం. లోపలికి వెళ్లనివ్వకపోతే బయట నుంచైనా చూసి, పక్కింటివాళ్లతో మాట్లాడండి. పన్ను, నీళ్లు, కరెంటు బకాయిలు మీరే విడిగా కనుక్కోండి. టైటిల్, అంటే ఇల్లు ఎవరిదో చెప్పే హక్కు పత్రాలు మాత్రం మీ సొంత లాయరుకే చూపించండి. బ్యాంకు చూసే ఉంటుందిలే అనుకోవద్దు.

లోన్ కావాలంటే పాటకి ముందే మాట్లాడుకోండి. గెలిచాక మిగతా సొమ్ముకి గడువు తక్కువ, అది దాటితే కట్టిన డిపాజిట్ పోయే ప్రమాదం ఉంది. రిపేర్లు, కోర్టు ఖర్చులు కూడా కలుపుకుని ఎంతవరకు పాడతారో ఇప్పుడే రాసి పెట్టుకోండి.