నీళ్లు కూడా తోడుకోవాలి

చేపల తొట్టి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు ఒకటే గోడు. కొత్త తొట్టి కొన్నాం, వారం తిరక్కుండా చేపలు పోయాయి. అందుకని ఒక ఉత్తరానికి పెద్ద జవాబు రాసి, మిగతావి త్వరగా ముగిస్తాను. ఇంకో సంగతి. చాలామంది నన్ను "మాస్టారూ" అని రాస్తున్నారు. నేను మాస్టారిని కాను. శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీ జువాలజీ ల్యాబులో ముప్పై రెండేళ్లు అటెండరుగా చేశాను. చేపల గురించి నాకు తెలిసినదాంట్లో సగం, వాటిని పాడుచేసుకుని నేర్చుకున్నదే.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది నరసన్నపేట. మా బాబు పుట్టినరోజుకి గాజు తొట్టి కొన్నాం. అడుగున్నర పొడవు, తొమ్మిది అంగుళాల వెడల్పు, అడుగు ఎత్తు. ఆ సాయంత్రమే నాలుగు గోల్డ్ ఫిష్‌లు, ఒక ఫైటర్ చేప, అడుగున మురికి తినేస్తుందని షాపతను ఇచ్చిన సక్కర్ ఫిష్ ఒకటి వేశాం. మూడో రోజుకి నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లబారాయి. మొత్తం పారబోసి, రాళ్లు సబ్బు పొడితో కడిగి ఎండబెట్టి, కుళాయి నీళ్లు పట్టాను. అప్పట్నుంచి రోజూ మారుస్తూనే ఉన్నాను. అయినా అయిదో రోజు ఒక గోల్డ్ ఫిష్, ఆరో రోజు రెండు పోయాయి. మిగిలింది పైకొచ్చి నోరు తెరుస్తోంది. బాబు సరిగ్గా అన్నం తినడం లేదు. ఇంత శుభ్రంగా చూస్తున్నా ఎందుకిలా అవుతోంది? తా.క.: మా అత్తగారు అడగమన్నారు. నల్ల గోల్డ్ ఫిష్ ఒకటి వేస్తే ఇంటికి తగిలిన దిష్టి అది తీసుకుపోతుందంటారు, నిజమేనా?

జవాబు: అమ్మా, అత్తగారి ప్రశ్న చివర్లో చూద్దాం. ముందు మీ తొట్టి.

పాలు తోడు పెట్టాక గిన్నెని మీరు కదపరు కదా. గంటకోసారి మూత తీసి, పాలు పారబోసి, గిన్నె తోమి మళ్లీ కొత్త పాలు పోస్తే ఎన్నాళ్లకి పెరుగవుతుంది? మీరు తొట్టిని అలాగే చేశారు. కొత్త తొట్టిలో నీళ్లు కూడా తోడుకోవాలి. పెరుగుకి ఒక రాత్రి చాలు. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

తోడుకోవడమంటే ఏమిటో చెప్తాను. చేప ఒంట్లోంచి రోజంతా అమ్మోనియా బయటికి వస్తూ ఉంటుంది, ఎక్కువగా మొప్పల్లోంచే. మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నా అది ఉండొచ్చు, కంటికి కనబడదు. కొద్దిగా ఉన్నా మొప్పలు కమిలిపోతాయి. మీ గోల్డ్ ఫిష్ పైకొచ్చి నోరు తెరవడం ఆకలి వల్ల అనుకోకండి, దానికి ఊపిరి అందడం లేదు. చెరువులోనైతే నీరు ఎక్కువ, చేపలు తక్కువ, పైగా అమ్మోనియాని తినే సూక్ష్మజీవులు రాళ్ల మీదా బురద మీదా కోట్లలో ఉంటాయి. అందులో ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. చేప రక్తం ఆక్సిజన్ మోయలేక గోధుమ రంగుకి తిరుగుతుంది. రెండో రకం వచ్చి దాన్ని నైట్రేట్ చేస్తుంది. అది కొద్దిపాటి ఉన్నా చేపకి పెద్ద బాధ లేదు. మొక్కలు కొంత తినేస్తాయి, మిగతాది వారానికోసారి మార్చే నీళ్లతో పోతుంది. ఈ రెండు రకాలూ నీళ్లలో కన్నా ఫిల్టరు స్పాంజికీ, రాళ్లకీ, గాజుకీ అంటుకుని బతుకుతాయి. రాళ్లు సబ్బు పొడితో కడిగి ఎండబెట్టారంటే, అప్పుడప్పుడే చేరిన ఆ కాస్త తోడునీ పారబోశారన్నమాట.

నేనూ ఇదే చేశాను, అదీ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో. ల్యాబులో కిటికీ పక్కన పెద్ద తొట్టి ఉండేది. ఇన్‌స్పెక్షన్ వస్తోందన్నారు. చేపల్ని బకెట్లో పెట్టి, తొట్టినీ గులకరాళ్లనీ బ్లీచింగ్ పొడితో తోమి, నాలుగుసార్లు కడిగి, మళ్లీ నీళ్లు పట్టాను. వచ్చినాయన తొట్టి దగ్గర ఆగి "చాలా నీటుగా ఉంచారే" అన్నాడు. ఆ రోజు నా ఛాతీ చూడాలి! అయిదో రోజు పొద్దున్న తలుపు తీసేసరికి మూడు చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. మా జువాలజీ మేడమ్ గారు కోప్పడలేదు. "చేపల్ని నువ్వు చంపలేదయ్యా, కంటికి కనబడనివాటిని చంపావు, తర్వాత చేపలు వాటంతటవే పోయాయి" అన్నారు. ఆ తర్వాత నేను తొట్టిలో సబ్బు గాని బ్లీచింగ్ గాని పెట్టలేదు.

మూడో రోజు నీళ్లు తెల్లబారాయన్నారే, అది మిగిలిన మేత మీద పెరిగే వేరే సూక్ష్మజీవుల గుంపు. మేత తగ్గించి ఊరుకుంటే నాలుగైదు రోజుల్లో దానంతటదే తేరుకునేది. కొత్తవాళ్లందరూ సరిగ్గా అక్కడే కంగారు పడి బకెట్ పట్టుకుంటారు.

కుళాయి నీళ్ల సంగతి. మనకి మేలని కలిపే క్లోరిన్ చేప మొప్పల్ని కాలుస్తుంది, ఆ మంచి సూక్ష్మజీవుల్నీ చంపుతుంది. నీళ్లు వెడల్పాటి టబ్బులో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి. లేదా షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినంత వెయ్యండి. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు శుభ్రమైనవి కదా అని కొందరు అవే పోస్తారు. వాటిలో లవణాలు దాదాపు ఉండవు. అచ్చంగా అవే వాడితే చేపకీ మంచిది కాదు, తొట్టికీ మంచిది కాదు.

ఇప్పుడు లెక్క. మీ తొట్టి సుమారు 45, 23, 30 సెంటీమీటర్లు. మూడూ హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే 31 లీటర్లు. రాళ్లూ, పైన వదిలే ఖాళీ పోగా పాతిక లీటర్ల నీళ్లు. షాపులో వేలెడంత ఉన్న గోల్డ్ ఫిష్ సరిగ్గా పెరిగితే మీ అరచేతిని దాటుతుంది, పదేళ్లకి పైగా బతుకుతుంది. దానికి జీర్ణాశయమనేదే లేదు. తింటూనే ఉంటుంది, విసర్జిస్తూనే ఉంటుంది. ఒక్కదానికే మీ తొట్టికి మూడింతలు కావాలి, మీరు నాలుగు వేశారు. సక్కర్ ఫిష్ అడుగు దాటి పెరుగుతుంది. మురికి తింటుందన్న మాట నమ్మకండి. పాచి కొంత గీకుతుంది గాని, తిన్నదానికి తగ్గట్టు మురికి తనూ చేస్తుంది. పెరిగిపోయిందని మాత్రం దాన్ని నాగావళిలోనో ఊరి చెరువులోనో వదలకండి. ఆ జాతి మన చెరువుల్లో చేరి వలలు చింపుతూ మామూలు చేపల మేత తినేస్తోంది. చేపల రైతులు "దెయ్యం చేప" అని తిట్టుకునేది దాన్నే.

ఈ రోజు చెయ్యాల్సింది చెప్తాను. తొట్టి మొత్తం ఖాళీ చెయ్యడం ఆపెయ్యండి. రోజుకి ఆరు లీటర్లు, అంటే పావు వంతు మాత్రం సన్న పైపుతో అడుగు నుంచి లాగి, నిలవబెట్టిన నీళ్లు పొయ్యండి. చెయ్యి పెడితే రెండు నీళ్లూ ఒకేలా తగలాలి. ఇలా రెండు వారాలు. మేత రెండు రోజులు పూర్తిగా మానెయ్యండి, చేప చచ్చిపోదు. గాలి పంపు రాత్రీ పగలూ నడవాలి. గోల్డ్ ఫిష్‌నీ సక్కర్‌నీ షాపతనికో పెద్ద తొట్టి ఉన్నవాళ్లకో ఇచ్చెయ్యండి. బాబు ఏడుస్తాడు, తెలుసు. ఏడవనివ్వండి. ఆ రెండూ వెళ్లాక పాతిక గ్రాముల రాళ్లుప్పు చెంబు నీళ్లలో కరిగించి, మూడు దఫాలుగా తొట్టిలో కలపండి. అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు వద్దు. మన నౌపడ వైపు కొటార్లలో పండేలాంటి గరుకు ఉప్పయితే చాలు. ఉప్పుంటే నైట్రైట్ చేప ఒంట్లోకి అంత తేలిగ్గా దూరదు. తర్వాత నీళ్లు మార్చినప్పుడు, తీసిన నీళ్లతో పోయినంత ఉప్పే మళ్లీ కలపాలి. ఆరు లీటర్లకి ఆరు గ్రాములు.

ఇక అసలు తోడు. మీ ఎరికలో ఎవరింట్లోనైనా ఏడాదిగా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే, వాళ్ల ఫిల్టరు స్పాంజిలో ఒక ముక్క అడగండి. పెరుగు తోడుకి పక్కింటికి వెళ్లడం మనకి కొత్తా? ఆ ముక్క మీ ఫిల్టరులో పెడితే నెల పట్టేది పది పదిహేను రోజుల్లో అవుతుంది. ఆ తొట్టి నీళ్లే ఉన్న డబ్బాలో తడిగా తీసుకురావాలి, అదే రోజు పెట్టాలి. ఎండితే వట్టి స్పాంజే. వాళ్ల తొట్టిలో జబ్బు చేప ఉంటే మాత్రం వద్దు, జబ్బూ తోడుతో పాటే వస్తుంది.

స్పాంజి నెలకోసారి కడగాలి. కుళాయి కింద కాదు, తొట్టిలోంచి తీసిన మగ్గు నీళ్లలో రెండుసార్లు పిండితే చాలు. గోధుమ రంగు పోలేదని మళ్లీ మళ్లీ పిండకండి.

నెల దాటాక బాబుకి సందడి కావాలంటే, ఫైటర్‌ని వేరే తొట్టికి మార్చి అయిదారు గప్పీలు వెయ్యండి, అన్నీ మగవే. ఆడది ఒక్కటున్నా సుమారు నెలకోసారి పిల్లల్ని పెడుతుంది, మీకు మళ్లీ అదే ఇరుకు. మలేరియా వాళ్లు దోమ పిల్లల్ని తినడానికి బావుల్లో వదిలే గంబూసియాకి గప్పీ చుట్టమే, మొండి చేప. ముందు రెండు వెయ్యండి, వారం ఆగి మరో రెండు. మేత రెండు నిమిషాల్లో తినేసేంత, రోజుకి ఒకసారి. మీ ఇంట్లో మీరు, బాబు, అత్తగారు ముగ్గురూ విడివిడిగా వేస్తున్నారని నా అనుమానం. ల్యాబులో ఇద్దరం అటెండర్లం ఉండేవాళ్లం. మేత వేసినవాడు గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టాలని ఒప్పందం చేసుకున్నాక గానీ ఆ గొడవ తీరలేదు.

ప్రశ్న: విజయనగరంలో గంటస్తంభం దగ్గర గదిలో ముగ్గురం ఉంటున్నాం. మూడు లీటర్ల గాజు బౌల్లో ఫైటర్ ఉంది. షాపులో చిన్న సీసాలోనే బతికింది కదా, ఇది చాలదా? సంక్రాంతికి అయిదు రోజులు ఊరెళితే దాని తిండి ఎలా?

జవాబు: బాబూ, సంతలో కొర్రమీను కాసిన్ని నీళ్లున్న గంపలో కూడా గంటల తరబడి కదులుతూ ఉంటుంది, చూసే ఉంటావు. ఫైటర్ కూడా అలాగే పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. కాబట్టి సీసాలో ఊపిరాడక చావదు. కానీ దాని అమ్మోనియా దాని చుట్టూనే ఉంటుంది. ముగ్గురున్నారుగా, తలా కొంత వేసుకుని పదిహేను లీటర్ల తొట్టి, నెమ్మదిగా నడిచే స్పాంజి ఫిల్టరు కొనండి. మూత ఉండాలి, అది గెంతుతుంది. నీటికీ మూతకీ మధ్య రెండంగుళాలు వదలండి. ఇంకో ఫైటర్‌ని పక్కన వెయ్యకండి. వేసవి కన్నా డిసెంబరు, జనవరి రాత్రులే దానికి కష్టం. నీళ్లు 24 డిగ్రీల కన్నా తగ్గకుండా చిన్న హీటరు పెడితే మంచిది.

సంక్రాంతికి నిశ్చింతగా వెళ్లు. ఎదిగిన ఫైటర్ అయిదు రోజులు తినకపోయినా ఏమీ కాదు. షాపులో అమ్మే సెలవుల మేత బిళ్లలు వద్దు, కరిగి నీళ్లు పాడుచేస్తాయి. పక్క గది కుర్రాడికి డబ్బా అప్పగించడం ఇంకా ప్రమాదం. జాలిపడి డబ్బా అంతా ఒంపేస్తాడు.

ప్రశ్న: మాది పలాస దగ్గర. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేక తొట్టిలో చేపలన్నీ పోయాయి. ఇన్నాళ్లకి మళ్లీ పెట్టాలనుంది. కరెంటు పోతే ఏం చెయ్యాలి?

జవాబు: కరెంటు పోయిన నిమిషం నుంచి మేత బంద్. మూత తీసెయ్యండి. పది పదిహేను నిమిషాలకోసారి ఆ తొట్టి నీళ్లే మగ్గుతో ముంచి, జానెడు ఎత్తు నుంచి పొయ్యండి. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 దగ్గర ఏడున్నరే. అందుకే ఉక్కపోత రాత్రి ముందు చేపలే అల్లాడతాయి. బ్యాటరీ గాలి పంపు ఒకటి కొని, బ్యాటరీలు విడిగా దాచండి. మా ఇంట్లో లోపలే ఉంచేసి, కావలసిన రోజున చూస్తే తుప్పు పట్టి ఉన్నాయి.

చాలామంది మరిచేది ఒకటుంది. ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే స్పాంజిలో గాలి అందక సూక్ష్మజీవులు చచ్చి, లోపల నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ కుళ్లంతా తొట్టిలోకి వస్తుంది. చేపలు తుఫానంతా తట్టుకుని కరెంటు వచ్చాక పోయిన ఇళ్లు నాకు తెలుసు. ముందు స్పాంజి తీసి తొట్టి నీళ్లలో పిండి, తర్వాత పెట్టండి. ఆ తర్వాత తొట్టి మళ్లీ కొత్తదే అనుకుని రెండు వారాలు మేత సగం వెయ్యండి.

ఇక నరసన్నపేట అత్తగారికి: అక్కగారూ, నమస్కారం. దిష్టి సంగతి నాకు తెలీదు గాని, ఆ నల్ల చేప సంగతి తెలుసు. దాన్ని బ్లాక్ మూర్ అంటారు. కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చినట్టుంటాయి, చూపు మాత్రం అంతంతే. మేత ఎక్కడ పడిందో వెతుక్కునేలోపు పక్క చేపలు మింగేస్తాయి. మోటు రాళ్లకి గుద్దుకుంటే కన్ను పోతుంది. అదీ గోల్డ్ ఫిష్ జాతే కాబట్టి మీ పాతిక లీటర్లలో ఇమడదు. ఎప్పుడైనా పెద్ద తొట్టి కొంటే తప్పకుండా వేసుకోండి. మునిగే మేత తెచ్చి, రోజూ ఒకే మూలన వెయ్యండి, వారం పది రోజుల్లో ఆ చోటు అలవాటు చేసుకుంటుంది.