పుస్తకం మీద గీతలు వద్దు బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు ఒక నవల కొని నెల్లూరు నుంచి ఒంగోలు దాకా పదకొండు మంది ఆడవాళ్ళ చేతుల మీదుగా తిప్పబోతున్నావని. ప్రేమకథేనట, అందులోనే ఒక హత్య, ఎవరు చేశారో చివరిదాకా తెలియదట. వినగానే ఎంత సంబరమేసిందో! మన ఇళ్ళల్లో ఈ పుస్తకాల పిచ్చి నాతోనే ఆఖరు అనుకున్నా. కానీ ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. చదివినవాళ్ళంతా మొదటి పేజీలో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయాలి, నచ్చిన వాక్యాల కింద తలా ఒక రంగు పెన్నుతో గీత గీసి పక్కవాళ్ళకి ఇవ్వాలి, ఇదీ నీ ప్లాన్ అని కూడా మీ అమ్మ చెప్పింది. గీతలు అనగానే నా గుండె ఝల్లుమంది. ఫోన్‌లో అయితే మధ్యలో నువ్వు నవ్వేసి మాట మార్చేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు చిన్న పనులు చెప్పేస్తా. పుస్తకానికి అట్ట వెయ్యి. మొదటి మనిషికి ఇచ్చే ముందు పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకో, పదహారు పేజీల ఫారం, అంటే కలిపి అచ్చేసి మడిచిన కట్ట, ఒకటి బైండింగులోనే ఎగిరిపోయిన పుస్తకాలు నా చేతికి రెండు మూడు వచ్చాయి. మామూలు నవలైతే ఊహించుకుని చదివేయొచ్చు, ఇట్టాంటి నవల్లో మాత్రం అసలు ముడి ఆ పదహారు పేజీల్లోనే ఉంటుంది. మనిషికి పది రోజులు చాలు. పరీక్షలున్న పిల్లల్ని చివర్లో పెట్టు.

వరస రైలు దారిలోనే పెట్టు. నెల్లూరు, కోవూరు, బిట్రగుంట, కావలి, సింగరాయకొండ, ఒంగోలు. కందుకూరికి రైలు లేదు కాబట్టి అక్కడివాళ్ళని సింగరాయకొండ వచ్చి తీసుకోమను. వీలైనంతవరకు చేతికి చేతే ఇచ్చుకోండి, ఇచ్చేటప్పుడు ప్లాట్‌ఫారం మీద పది నిమిషాలు నిలబడి మాట్లాడుకుంటారే, పుస్తకం తిప్పడంలో సగం ఆనందం అదే. కుదరకపోతే స్పీడ్ పోస్టులో పంపు. మా రోజుల్లో బుక్ పోస్టని, లోపలేముందో చూసేట్టు కవరు అంటించకుండా పంపేవాళ్ళం, తక్కువలో పోయేది. ఇప్పుడు రిజిస్టర్డ్ పోస్టు కూడా విడిగా లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు.

వానాకాలం పంపితే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మరీ పంపు. 1989 నవంబర్ తుఫాను కావలి దగ్గర తీరం దాటిన రాత్రి మా ఇంటి పైరేకులు లేచిపోయి, ట్రంకు పెట్టెలో నీళ్ళు నిండి నా పుస్తకాలన్నీ ముద్దయిపోయాయి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదని నాకు అప్పుడు తెలియదు. పేజీల మధ్య పాత పేపర్లు పెట్టి, మార్చుకుంటూ నీడలో ఆరబెట్టాలి. నేను ఎండలో పరిచా, అప్పడాల్లా ముడుచుకుపోయాయి. ఆ ట్రంకు పెట్టె సంగతి మళ్ళీ చెప్తా.

హంతకుడి పేరు ఎవరూ బయటపెట్టకూడదు, ఇది మాత్రం ముందే గట్టిగా చెప్పు. మీకు వాట్సాప్ గ్రూపు ఉంటుంది కదా, పదకొండో మనిషి చదివేదాకా అందులో ఆ పేరు రాకూడదు. ప్రేమ సంగతి ఎంతైనా మాట్లాడుకోండి, వాడు మంచివాడా, ఆమె తొందరపడిందా అని పోట్లాడుకోండి. ఎవరు చంపారన్నది మాత్రం ఎవరి కడుపులో వాళ్ళు దాచుకోవాలి.

ఇక నాకు నిద్ర లేకుండా చేసిన సంగతి. 1983లో మేం బిట్రగుంట రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం, మీ తాతయ్య లోకో షెడ్డులో పని. ఆవిరి ఇంజన్లు, తెల్ల బట్ట ఆరేస్తే సాయంత్రానికి బొగ్గు నుసి. నేను ఇంటర్ రెండో సంవత్సరం, రోజూ పాసింజర్లో కావలికి పోయి వచ్చేదాన్ని. క్వార్టర్స్ ఆడవాళ్ళు ఆరేడుగురు కలిసి ఒక వీక్లీ వేయించుకునేవాళ్ళు. అందులో సీరియల్ పేజీలు ఊడదీసి దాచి, అయిపోయాక సూదీ దారంతో కుట్టి, పైన కాలెండర్ అట్ట వేస్తే అదే మాకు నవల. అట్టా కుట్టిన వాటిల్లో ఒకటి నీ దానిలాంటిదే. కథానాయికకి సంతకం లేని ఉత్తరాలు వస్తుంటాయి, ప్రేమించినవాడు రాస్తున్నాడో చంపాలని చూస్తున్నవాడు రాస్తున్నాడో తెలియదు. పుస్తకం మొదట నాకే ఇచ్చారు. అందరికంటే ముందు హంతకుణ్ణి పట్టెయ్యాలని పంతం నాకు, అనుమానం వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ పోయా. ఒక ఉత్తరంలో, ఆరున్నర బండి వేళకి స్టేషన్ చివర నీళ్ళ ట్యాంకు దగ్గరికి ఒంటరిగా రమ్మని ఉంటుంది. అంతకుముందు అధ్యాయంలో ఆ బండి ఏడింటికని ఉంది. రాసినాయన మర్చిపోయాడా, కావాలనే పెట్టాడా? అందుకని ఆరున్నర చుట్టూ సున్నా చుట్టి కింద రెండు గీతలు గీశా. తుడవడం గుర్తులేదు, అట్టాగే పక్కింటికి ఇచ్చేశా.

నాలుగు చేతులు మారి అది వెనక వరస క్వార్టర్లో ఉండే అమ్మాయికి చేరింది. నాకంటే ఏడాది చిన్నది, నాతోపాటే కావలి బండెక్కేది, లెక్కల్లో నాకంటే చురుకు. వాళ్ళ నాన్న గార్డు. ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి, దిండు కింద ఉన్న పుస్తకం తీసి చూశాడు. బిట్రగుంట స్టేషన్లో నీళ్ళ ట్యాంకు ఉంది, సాయంత్రం ఆ వేళకి బండీ ఉంది.

ఆ రాత్రి వాళ్ళింట్లో ఏడుపు నేను మా పెరట్లో నిలబడి విన్నా. ఎవడు వాడని ఆయన అడుగుతున్నాడు. ఎవరూ లేరు నాన్నా అని ఆ పిల్ల చెప్తూనే ఉంది. పెరడు దాటితే వాళ్ళ తలుపు. మామయ్యా, ఆ గీతలు నావి, కథలో దొంగని పట్టుకోడానికి గీసుకున్నా అని ఒక్క మాట చెప్తే అయిపోయేది. మా నాన్నకి తెలిస్తే నా చదువు కూడా మాన్పిస్తాడని భయమేసింది. తెల్లారి చెబుదామనుకున్నా, తెల్లారాక ఆదివారం చెబుదామనుకున్నా, ఆదివారం వచ్చేసరికి ఆ పిల్లని కాలేజీ మాన్పించేశారు. మరుసటి ఏడు కందుకూరు సంబంధం చూసి పెళ్ళి చేసి పంపేశారు. నేను డిగ్రీ చదివా, టీచరు ఉద్యోగం చేశా, పెన్షన్ తింటున్నా. గీతలు తెలియక గీశాను బుజ్జీ. నోరు మాత్రం తెలిసే మూసుకున్నాను.

కాలం మారింది పెద్దమ్మా అంటావు. నీ పదకొండు మందిలో ఒకమ్మాయి హాస్టల్లో ఉందట, ఇద్దరు అత్తగారిళ్ళల్లో ఉన్నారట, ఆ ఇళ్ళల్లో పుస్తకం ఎవరెవరు తెరుస్తారో నీకేం తెలుసు? ఫోన్ నంబర్లన్నీ ఒకే పేజీలో రాసి, అది ఏ బస్సులోనో మర్చిపోతే అంతమంది ఆడవాళ్ళ నంబర్లు ఎవడి చేతిలో పడతాయి? ఇంత చదువుకుని ఆ మాత్రం ఆలోచించొద్దా? కోప్పడ్డానని అలగొద్దు. వేసవి సెలవులకి వచ్చి, మలైకాజా పాకం చేతులతోనే నా పుస్తకాలు తిరగేసి, పేజీలు అంటుకుపోతే ఏడ్చేదానివి, ఆ పేజీలు నేను ఇంకా విడదీయలేదు, అట్టాగే ఉంచా.

ఇట్టా చెయ్యి. పేర్లు, నంబర్లు ఒక నోటుబుక్కులో రాసి నీ ఇంట్లోనే పెట్టుకో. చిన్నప్పుడు మా తాత నన్ను వేటపాలెం సారస్వత నికేతనానికి తీసుకుపోయాడు. 1918లో పెట్టిన గ్రంథాలయం అది, నా చిన్నప్పుడు మన ప్రకాశం జిల్లాలోనే ఉండేది. ఎవరు ఏ పుస్తకం పట్టుకుపోయారో రాసుకునే రిజిస్టరు బల్ల మీద ఉంటుంది, పుస్తకంతోపాటు ఊళ్ళు తిరగదు. నచ్చిన వాక్యాలుంటే పేజీ నంబరుతో విడి కాగితం మీద రాసి నీకు పంపమను, అందరివీ వచ్చాక నువ్వు కలిపి చదివి వినిపించు. ఇంత చేసినా ఎవరింట్లోనైనా గొడవైతే, ఆ రోజే నువ్వే పోయి తలుపు కొట్టు. నీకు బెరుకుగా ఉంటే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే నేనూ వస్తా.

నాలుగేళ్ళ కిందట కందుకూరులో ఒక పెళ్ళిలో ఆమె కనిపించింది. గుర్తుపట్టి దగ్గరికొచ్చి కూర్చుని, కాసేపు పిల్లల సంగతులు మాట్లాడి, ఉన్నట్టుండి అడిగింది, "అక్కా, ఆ నవల్లో చివరికి ఎవరు చంపినట్టు? నాన్న లాగేసుకున్నాడు, ఇంకో ముప్ఫై పేజీలు ఉండిపోయాయి" అని. నేను పేరు చెప్పా. ఆ తర్వాత గీతల సంగతీ చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. "నాన్న పోయి ఆరేళ్ళయింది అక్కా, ఆయన ఉండగా చెప్పి ఉండాల్సింది" అంది. నన్ను తిట్టలేదు, లేచి పోయి భోజనాలకి పిలిచింది, నా పక్కనే కూర్చుని తింది.

ఆ నవల ఇప్పుడు నా దగ్గర లేదు, వాళ్ళింట్లోంచి తిరిగొచ్చాక ట్రంకు పెట్టెలో వేశా, తుఫానులో అదీ పోయింది. నీ జాబితాలో బిట్రగుంట పేరు నాదే రాయి, కావలి, సింగరాయకొండ అయ్యాక ఆమెది. ఇప్పుడు ఒంగోల్లో కొడుకు దగ్గర ఉంటోంది, నేను అడిగి ఒప్పిస్తా. ఆమెకి పది రోజులు సరిపోకపోతే ఇంకో పది రోజులు ఇవ్వు. చదవడం అయ్యేదాకా ఆమె చేతిలోంచి పుస్తకం ఎవరూ తీసుకోవద్దు.

మీ పెద్దమ్మ