హరకెకె ఆకు నుంచి నార ఎందుకు తెగిపోతోంది? నలుపు ఎలా పట్టిస్తారు?

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో మీ పెరట్లో ఉన్న హరకెకె, అంటే పొడవాటి ఆకుల నుంచి నార తీసే అక్కడి మొక్క, ఆకును ఆల్చిప్పతో గీరితే నార సగంలో తెగుతోందని, పచ్చదనం వదలడం లేదని అడిగారు. అక్కడి మూలవాసులైన మావోరీలు భుజాల మీద కప్పుకునే కొరొవాయ్ అనే కుచ్చుల దుప్పటికి, ఆ కుచ్చులకు నలుపు ఎలా వస్తుందన్నది రెండో ప్రశ్న.

చేతి నేర్పు సంగతి తర్వాత, ముందు మొక్కను అనుమానించండి. నర్సరీల్లో అందానికి అమ్మే రాగిరంగు, చారల రకాల్లో చాలావాటికి ఫరరికి అనే చిన్నజాతితో సంకరం జరిగి ఉంటుంది. వాటి నార బలహీనం, ఎంత గీరినా శుభ్రంగా రాదు. కాయలు చూస్తే తేడా తెలుస్తుంది. హరకెకె కాయలు నిటారుగా నిలబడతాయి, ఫరరికి కాయలు మెలితిరిగి కిందికి వేలాడతాయి. అసలు హరకెకెలో కూడా అన్నీ నారకు పనికిరావు. బుట్టలకు ఒక రకం, చాపలకు ఒకటి, నారకు మరొకటి. ముక, అంటే ఈ నార, తీయడానికి పేరున్నవి కోహుంగ, పరితనిఫా రకాలు. రెనీ ఆర్చిస్టన్ అనే ఆవిడ గిస్‌బర్న్ వైపు ఏళ్ల తరబడి సేకరించిన ఇలాంటి రకాలు ఇప్పుడు న్యూజిలాండ్‌లోనే లింకన్ అనే ఊళ్లో జాతీయ సేకరణగా పెరుగుతున్నాయి. దగ్గరలోని మరాయేలో (మావోరీలు కలుసుకునే సామూహిక స్థలం), నేత బృందంలో అడిగితే మంచి రకం పిలక దొరికే అవకాశం ఎక్కువ.

ఆకు కోసేటప్పుడు మధ్యలోని మొవ్వను, దానికి అటూ ఇటూ ఉన్న రెండు ఆకులను ముట్టుకోకూడదు. మొవ్వ బిడ్డ, పక్కవి తల్లిదండ్రులు, బయటివి తాత ముత్తాతలు అంటారు మావోరీలు. కోసేది బయటి ఆకులనే. కత్తి మొవ్వ వైపు నుంచి బయటికి, కిందికి ఏటవాలుగా దిగాలి. అప్పుడు కోసిన చోట వాననీరు నిలవదు. వానలో, రాత్రిపూట, పూల కాడ లేచినప్పుడు కోయరు. ముందు కరాకియా అనే ప్రార్థన చెప్పుకుంటారు. దీన్ని తంతుగా తీసిపారేయకండి, ఆ మొక్కను ఇన్ని తరాలు నిలబెట్టింది ఈ పద్ధతులే.

కోసిన ఆకుతో వెంటనే పని మొదలుపెట్టండి. మనవైపు గోగునారను నీళ్లలో కుళ్లబెట్టి తీస్తారు, దీన్ని పచ్చిగా ఉండగానే గీరాలి. ఆకు వాడితే పచ్చటి కండ నారకు అంటుకుపోతుంది. మీకు పచ్చదనం వదలకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

మొదలు దగ్గరి గట్టి భాగం, నడి ఈనె, రంగు అంచులు తీసేయండి. మిగిలినదాన్ని సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు పేలికలుగా చీల్చండి. పేలిక ఒకవైపు మెరుస్తుంది, రెండోవైపు మసకగా ఉంటుంది. మసక వైపున, నడిమధ్యలో అడ్డంగా ఒక గాటు పెట్టాలి. మీ నార తెగేది ఇక్కడే. గాటు పై పొరను మాత్రమే కోయాలి, కింది నారను తాకకూడదు. కత్తిని నొక్కకుండా దాని బరువుకే వదిలి, పేలికను కాస్త వంచి చూడండి. పొర విచ్చుకుని లోపల తెల్లటి పోగులు కనిపిస్తే చాలు. ఆ గాటు దగ్గర ఆల్చిప్ప అంచు ఆనించి, రెండో వైపు నుంచి వేలితో అదిమి, ఒకే ఊపులో చివరిదాకా లాగండి. మధ్యలో ఆగితే ఆగిన చోట పచ్చమరక మిగులుతుంది. పేలికను తిప్పి రెండో సగమూ అలాగే లాగాలి. చిప్ప అంచు మరీ పదునుగా ఉన్నా పోగులు తెగుతాయి. కొత్త చిప్పనైతే రాతి మీద కొద్దిగా అరగదీసి వాడండి.

వచ్చిన నారను రెండు పాయలుగా చేసి, మోకాలి కింద ఒట్టి కాలి మీద అరచేత్తో ముందుకు దొర్లిస్తే ఒక్కో పాయకు పురి ఎక్కుతుంది, వెనక్కి లాగితే రెండూ కలిసి పేనుకుంటాయి. ఈ పనిని మిరో అంటారు. అరచెయ్యి కొంచెం తడిగా ఉండాలి. పేనిన దారాలను కట్టలు కట్టి, నీళ్లలో తడిపి, బల్లపరుపు రాయి మీద నున్నటి రాతి రోకలితో కొడతారు, పిండుతారు, మళ్లీ కొడతారు. తొందరపడి ఈ పని తగ్గిస్తే దుప్పటి గోనెలా గరుకుగా ఉంటుంది, భుజం మీద వాలదు. ఒక దుప్పటికి ఇలాంటి పడుగు దారాలు వందల్లో కావాలి. నేతకు మగ్గం ఉండదు. రెండు కర్రల మధ్య కట్టిన తాడుకు పడుగు వేలాడదీసి, పేక పోగులను వేళ్లతోనే మెలివేస్తూ వెళ్తారు. భుజాల దగ్గర ఒంపు రావడానికి మధ్యమధ్య పొట్టి వరసలు కలుపుతారు.

ఇక నలుపు. హీనౌ చెట్టు బెరడు కాచిన కషాయంలో నారను నానబెట్టి, తర్వాత పరు అనే ఇనుము నిండిన బురదలో ముంచుతారు. తీసి, కడిగి, ఆరబెట్టి, చాలినంత నలుపు రాకపోతే మళ్లీ మొదటి నుంచి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరిన నీళ్లతో గీస్తే నల్లబడేది కూడా ఇదే రసాయనచర్య వల్ల, అంటే బెరడులో, కరక్కాయలో ఉండే టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలవడం వల్ల. బెరడు కషాయం సరిగా పట్టకుండా బురదలో ముంచితే బూడిదరంగే మిగులుతుంది. ఎండుగడ్డి రంగుకు, గోధుమరంగుకు తానెకహ బెరడు వాడి, వేడి బూడిదతో రంగు నిలబెడతారు.

నలుపుతో ఉన్న చిక్కు చాలామందికి తెలియదు. టానిన్‌తో కలిసిన ఇనుము ఆ నారనే మెల్లగా తినేస్తుంది. ఆమ్లగుణం ఒకవైపు, ఇనుము వల్ల గాలిలోని ఆక్సిజన్ నారపై పనిచేయడం మరోవైపు. వెలుతురు తగిలితే ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. మ్యూజియాల్లో పాత కొరొవాయ్‌లకు నల్ల కుచ్చులు పొడిపొడిగా రాలిపోయి, రంగు వేయని నేత మాత్రం గట్టిగా ఉండడానికి కారణం ఇదే. అందుకే బురదలో అవసరానికి మించి ఉంచకండి, రంగు పట్టాక నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. నల్లభాగం ఉన్న దేన్నీ మడతపెట్టకుండా చీకట్లో, పరిచి లేదా గొట్టానికి చుట్టి ఉంచండి.

పరు దొరికే గుంటలు ఆయా కుటుంబాల, తెగల సంరక్షణలో ఉంటాయి. అడగకుండా తీయకూడదు. హీనౌ బెరడు కూడా నిలబడిన చెట్టు చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది, పడిపోయిన చెట్టుదే తీసుకోండి. గీరగా మిగిలిన తుక్కును చెత్తబుట్టలో వేయకుండా ఆ మొక్క మొదట్లోనే వేయండి.